పెదవి తగలని చెంబు

లావణ్యకు భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. కుక్కర్ కూత కొంచెం ఆలస్యమైతే గ్యాస్ బండ పేలబోతోందనుకుంటుంది. భర్త ముఖేష్ సరుకు కోసం బళ్లారి పోయి ఫోన్ ఎత్తకపోతే, లారీ చక్రం కింద స్కూటర్ హ్యాండిల్ ఒకటి ఆమె కళ్లముందు వంకర తిరిగిపోతుంది. పక్కింట్లో ఎవరైనా గట్టిగా దగ్గితే తన ఇంటి కిటికీలు మూస్తుంది. పదో తరగతి దాకా చదివింది గనక రోగాల పేర్లు చదవగలదు. అక్కడితో ఆగిపోయింది గనక చదివిన ప్రతిదీ తమ ఇంటికే వస్తుందనుకుంటుంది.

ఇన్ని భయాలున్న మనిషి కొడుకు నోటి సంగతి మాత్రం కనిపెట్టలేకపోయింది. కనిపెట్టింది బడిలో గుర్తింపు కార్డులకు ఫొటోలు తీయడానికొచ్చినాయన. “నోరు మూసుకో బాబూ” అన్నాడట. ఎనిమిదో తరగతి చదివే మణిదీప్ అప్పటికే మూసుకుని ఉన్నాడు. “ఇంకొంచెం మూసుకో” అన్నాడట. ఇంకా మూయడానికి వాడి దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం లావణ్య వాణ్ణి కిటికీ వెలుతురులో నిలబెట్టి పెదవులు ఎత్తి చూసింది. వెనక పళ్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ముందు పళ్లు మాత్రం పైవి పైన, కిందివి కింద, మధ్యలో పెన్సిల్ దూరేంత సందు. ఆ సందులోంచి నాలుక కొస బయటికి తొంగి చూస్తోంది. కింది దవడ ఒక పక్కకు జరిగి ఉంది. దోసెను వాడు ముందు పళ్లతో కొరకడు, చేత్తో తుంచి దవడ పళ్ల కిందికి తోసుకుంటాడు. ఇన్నేళ్లూ ఆమె దాన్ని నెమ్మది అనుకుంది. చుట్టాల పిల్లల ముందు మెచ్చుకుంది కూడా.

రాయదుర్గంలో తవుడు, శనగచెక్క, బెల్లం అమ్మే అంగడి వాళ్లది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో మూటలు పెట్టే గోడౌను. అంగడి వదిలి ముఖేష్ రాలేడు. కాబట్టి కళ్యాణదుర్గం మీదుగా పోయే బస్సులో, చేతిసంచిలో నిమ్మకాయ పెట్టుకుని, తల్లీకొడుకులే అనంతపురం పోయారు.

పళ్ల డాక్టర్ పేరు ఇంద్రాణి. నోరు చూసింది, ఎక్స్‌రే తీయించింది, ప్రశ్నలు మొదలుపెట్టింది.

“చిన్నప్పుడు వేలు చీకేవాడా?”

“లేదు మేడమ్.”

“గోర్లు కొరుకుతాడా?”

“కొరికితే కడుపులో పాములు పడతాయని చెప్పినా.”

“నిద్రలో నోటితో ఊపిరి పీలుస్తాడా?”

“ల్యాదు, ముక్కుతోనే. నేను దినామూ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తా.”

డాక్టర్ తలెత్తింది. “ఎందుకు?”

“ఊరికే.”

మణిదీప్ పైకప్పుకేసి చూశాడు. డాక్టర్ నవ్వాపుకుని, రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి చెప్పింది. “వీనికి దవడ ఎముక పెరగడమే కొంచెం వంకర అమ్మా. అది పుట్టుకతో వచ్చింది, ఎవరి తప్పూ కాదు. దానికి తోడు మింగినప్పుడల్లా నాలుక ముందుకొచ్చి పళ్లను తోస్తాండాది. క్లిప్పులు ఏస్తాం. పైకీ కిందికీ రబ్బర్లు తగిలిస్తాం. పై పళ్ల వెనక నాలుకకు కంచె మాదిరి తీగ ఒకటి పెడతాం. కానీ నాలుక దోవలోకి రావాల. అది వస్తే పళ్లు కలుస్తాయి.”

“రాకపోతే?”

“పద్దెనిమిదేళ్లు వచ్చినాక దవడ కోసి సరిచేసి, ప్లేట్లు పెట్టి బిగించాల్సి వస్తాది. ఇప్పుడే దాని గురించి ఆలోచించొద్దు.”

ఆలోచించొద్దు అన్న మాట లావణ్యకు వినపడలేదు. ‘కోసి’ దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఫోన్ పెట్టుకుని దవడ ఆపరేషన్ వీడియో చూసింది. సగం కళ్లు మూసుకుని చూసింది, ఆ మూసుకున్న సగమే ఎక్కువ భయంకరంగా ఉంది.

ఆ రోజు నుంచి మిగతా భయాలన్నీ వెనక్కి పోయి ఈ ఒక్కటే ముందుకొచ్చింది: నా కొడుకు దవడ కోయకూడదు.

క్లిప్పులు వేశారు, కంచె పెట్టారు. లావణ్య కాపలా మొదలైంది. నిద్రలో రబ్బరు ఊడి గొంతులో పడుతుందేమోనని రాత్రికి రెండుసార్లు లేచి చూసేది. చెరుకు, చక్కిలాలు, వేయించిన శనక్కాయలు ఇంట్లోంచి వెలేసింది. పొద్దునా సాయంత్రం వాణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టి, డాక్టర్ నేర్పిన పాఠం చేయించేది.

“నాలుక కొస పైన అంగిట్లో ఆనించు. పళ్లు కలుపు. పెదవులు మూయి. ఇంగ మింగు.”

మణిదీప్ మింగేవాడు.

“నాలుక కదిలినాదా?”

“లేదు మా.”

“కదిలినట్టే ఉండాదే.”

“కదలకపోతే మాట్లాడేదెట్ల మా? నువ్వు అడిగినావు కదా!”

అంగట్లోంచి ముఖేష్ కేక వేసేవాడు. “వానికి నాలుక ఉండాదనే సంగతి వాడన్నా మర్చిపోతాడేమో గానీ నువ్వు మర్చిపోయేటట్టు లేవే!”

పాఠం అయ్యాక వాడికి దాహం వేసేది. వంటింటి బండమీద ఇత్తడి చెంబు ఉండేది. దాన్ని ముఖానికి మూరెడు ఎత్తున పట్టి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి గటగటా పోసుకునేవాడు. ఒక్క చుక్క కింద పడేది కాదు, చెంబు అంచు పెదవికి తగిలేది కాదు. ఆ ఇంట్లో అందరూ అంతే. అత్త నాగరత్నమ్మకు ఎంగిలి అంటే గిట్టదు. ట్యాంకరు నీళ్లతో గడిపే ఊళ్లో మనిషికో గ్లాసు కడిగే తిప్పలు కూడా ఉండవు. మూడేళ్లకే మణిదీప్ ఆ విద్య నేర్చుకున్నాడు. ఆ ముచ్చట లావణ్య పుట్టింటి దాకా ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు కూడా వాడు అలా తాగుతుంటే, ఇదొక్కటైనా నా కొడుక్కి సరిగ్గా వచ్చింది అనుకుని తృప్తిగా చూసేది.

నెలలు గడిచాయి. ఆరోసారో ఏడోసారో పోయినప్పుడు డాక్టర్ ఇంద్రాణి స్కేలు పెట్టి సందు కొలిచి, మొహం చిన్నది చేసుకుంది.

“పక్క పళ్లు బాగా వచ్చినాయి. ముందు సందు మాత్రం అట్లే ఉండాది. కంచె పైనుంచి కూడా నాలుక తోస్తాండాది. పాఠం చేస్తాండావా నాయనా?”

“చేస్తాండా మేడమ్.”

“చేస్తాండాడు మేడమ్, నేను ఎదురుగా కూచుంటా” అంది లావణ్య. “అయితే కోస్తారా?”

“ఉండమ్మా. ఇట్లే ఉంటే మాత్రం కడాకు అదే గతి. ఏందో ఒకటి మనకు దొరకడంలేదు.” డాక్టర్ కాసేపు వాడికేసి చూసి, “నీళ్లు తాగు” అంది.

మణిదీప్ సంచిలోంచి సీసా తీశాడు. మూత విప్పాడు. తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి, నోట్లోకి ధార వదిలాడు.

డాక్టర్ కుర్చీ ముందుకు లాక్కుంది. “మళ్లీ తాగు.” తాగాడు. “ఇంగోసారి. నోరు అట్లే తెరిచి పెట్టు.” వాడి నోట్లోకి లైటు వేసి చూసింది. తర్వాత తల్లికేసి తిరిగింది. “నువ్వు తాగమ్మా.”

లావణ్య కూడా సీసా ఎత్తి పోసుకుంది. తనను ఎందుకు తాగమన్నదో తెలియక, ఏదో పరీక్ష అనుకుని, ఒక్క చుక్క కారనీయకుండా జాగ్రత్తగా తాగింది.

“ఇంట్లో ఇట్లనే తాగుతాడా?”

“చిన్నప్పట్నుంచి మేడమ్. ఎంగిలి చేయడు.” ఆ మాటలో ఇంకా కొంచెం గర్వం మిగిలే ఉంది.

“అదేనమ్మా!” డాక్టర్ లైటు పక్కన పెట్టింది. “పొద్దునా సాయంత్రం నువ్వు వానికి పళ్లు కలిపి మింగడం నేర్పిస్తావు. మిగతా దినమంతా వాడు నోరు తెరిచి మింగుతాండాడు. నోరు తెరిచి మింగితే నాలుక ముందుకు రాక యాడికి పోతాది? ఆ సందే దానికి తలుపు. వాడు చెంబు ఎత్తినప్పుడల్లా అది బయటికొస్తాండాది.”

లావణ్యకు ముందు కోపమే వచ్చింది. “అట్లయితే మా ఇంట్లో అందరి పళ్లూ ఇట్లే ఉండాల కదా మేడమ్? మా అత్తకు డెబ్బై దాటినాయి, ఇప్పటికీ శనక్కాయలు కొరుకుతాది.”

“వాళ్ల దవడలు సరిగ్గా ఉండాయి, నాలుకకు సందు దొరకలేదు. చెంబు వల్ల సందు రాలేదమ్మా. వచ్చిన సందును చెంబు పూడనీయడంలేదు, అంతే. రేపట్నుంచి గ్లాసుకు పెదవులు ఆనించి, కొంచెం కొంచెం తాగి, నోరు మూసి మింగాల. ఎప్పుడు తాగినా అంతే.”

“పెదవులు ఆనించి?”

“ఆనించి.”

తిరుగు బస్సులో లావణ్య ఫోన్ తీయలేదు. మందు బిళ్లలు రాస్తే వేళకు వేసేది. సూది రాస్తే కళ్లు మూసుకుని చేయి పట్టుకునేది. డాక్టరమ్మ ఎంగిలి రాసింది. దాన్ని ఏ అంగట్లో కొని, అత్త ముందు ఏ మొహంతో వేయాలో ఆమెకు తెలియలేదు.

“మా అమ్మకు నువ్వే చెప్పు” అన్నాడు ముఖేష్, విషయం వినీ వినగానే బెల్లం దిమ్మె మీద గుడ్డ సర్దుతూ. “ఆడోళ్ల సంగతి.”

“దవడ ఆడోళ్లదా?”

“ఎంగిలి ఆడోళ్లది.”

నాగరత్నమ్మ అంతా విని, ముక్కుమీద వేలేసుకుంది. “చదువుకున్న డాక్టరేనా ఆమె? ఎంగిలి చేస్తే పళ్లు కలుస్తాయా? మా మామకు కూడా పళ్లు అట్లే ఉండేవి, మూడు అంగళ్లు నడిపినాడు.”

“ఆయన పళ్లతో నడపలేదులే మా” అన్నాడు ముఖేష్.

“పైపు పెట్టి తాగితే కాదా? కూల్‌డ్రింకుకు పెడతారే, ఆ పుల్ల” అని లావణ్య మధ్యేమార్గం వెతికింది.

“పుల్ల నోట్లో పెట్టుకుంటే ఎంగిలి కాదా? పుల్లకు మడి ఉంటాదా?” నాగరత్నమ్మ కాసేపు జపమాల తిప్పినట్టు కొంగు చివర తిప్పింది. మనవడి దవడ కోస్తారన్న మాట ఆమెకూ గుచ్చుకునే ఉంది. చివరికి తీర్పు చెప్పింది. “సరే, మందు అనుకుందాం. తాగనీ. కానీ ఆ గ్లాసు నా వంటింట్లోకి రాకూడదు. బయట యాడన్నా పెట్టు.”

బయట ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా పడలేదు. గోడౌను వాకిలి పక్కన కిటికీ గట్టుమీద రెండు స్టీలు గ్లాసులు బోర్లించి ఉంటాయి. అవి మూటలు మోసే హమాలీలు ఎర్రిస్వామివి, యేసన్నవి. వాళ్లకు టీ అయినా నీళ్లయినా లోపలి నుంచి తెచ్చి, తగలకుండా పైనుంచి పోస్తారు, వాళ్లే కడుక్కుని వాళ్లే బోర్లిస్తారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి లావణ్య వాటిని చూస్తోంది, అంటే ఎప్పుడూ చూడలేదు. మణిదీప్ గ్లాసు పోయి వాటి పక్కన కూర్చుంది.

అప్పుడు లావణ్యకు కొత్త భయం పట్టుకుంది. మూడూ ఒకేలాంటి గ్లాసులు. వీడు పొరపాటున వాళ్ల దాంట్లో తాగితే? వాళ్లు వీడి దాంట్లో తాగితే? ఎన్ని రకాల క్రిములు! గోళ్లరంగు సీసా తెచ్చి కొడుకు గ్లాసు అడుగున ఎర్రటి చుక్క పెట్టింది. చిన్నది కనపడదేమోనని పెద్దదే పెట్టింది.

రెండు రోజులకు ఎర్రిస్వామి తలపాగా విప్పుతూ వాకిట్లోకి వచ్చాడు.

“అమ్మా, మణి అబ్బికి ఏమైనాది?”

“ఏం కాలేదప్పా. పళ్లకు క్లిప్పులు ఏసినారు, చూసినావు కదా.”

“క్లిప్పులు నాకు తెల్దా? చానా మంది ఏసుకుంటాండారు. గ్లాసు బయటికెందుకు వచ్చినాదని అడుగుతాండా. పైగా ఎర్రమచ్చ పెట్టినారు.” గొంతు తగ్గించాడు. “మా అల్లునికి టీబీ వచ్చినప్పుడు గ్లాసూ తట్టా ఏరే పెట్టుకోమన్నారు. అట్లాంటిదేమన్నా ఉంటే చెప్పు తల్లీ, దాయొద్దు.”

“అయ్యో, అదేం లేదప్పా! మంచిగున్నాడు.”

“మంచిగుంటే బయటెందుకు పెట్టినారు?”

లావణ్య నోరు తెరిచింది. రోగం లేకపోయినా గ్లాసు బయట ఎందుకు పెడతారో చెప్పాలి. మాట నాలుక చివరికి వచ్చింది. ఎదురుగా ఎర్రిస్వామి నిలబడి ఉన్నాడు, ఆయన గ్లాసు ఆయన వెనకే గట్టుమీద బోర్లించి ఉంది. ఆ మాట బయటికి రాలేదు. జీవితంలో మొదటిసారి ఆమె పళ్లు కలిపి, పెదవులు మూసి, సరిగ్గా మింగింది.

“ఏమనుకోవద్దు తల్లీ, ఇంట్లో సంటిబిడ్డ ఉండాది” అని ఎర్రిస్వామి తన గ్లాసు, యేసన్న గ్లాసు రెండూ తీసుకుని, మణిదీప్ గ్లాసుకు దూరంగా, తవుడు మూటల అవతల మేకుకు ఓ సంచిలో కట్టి తగిలించాడు.

మాట అక్కడితో ఆగలేదు. గేదెకు తవుడు కొనడానికి వచ్చే బయమ్మ అడిగింది. “శెట్టీ, నీ కొడుక్కు గొంతులో గడ్డ లేచినాదంటనే?” ముఖేష్ క్లిప్పుల సంగతి చెప్పాడు. “క్లిప్పులకు గొంతులో గడ్డ లేస్తాదా?” అని ఆమె ఆశ్చర్యపోయింది. బెల్లం కొనేవాళ్లు పైదిమ్మె వద్దు, అడుగుదిమ్మె ఇమ్మన్నారు. ట్యూషన్‌లో పక్కన కూర్చునే పిల్లవాడు తన సీసా తీసి బెంచీ ఆ చివర పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఊళ్లో అందరికీ ఏదో ఒక రోగం వస్తుందని లావణ్య భయపడింది. ఇప్పుడు ఊరంతా ఆమె ఇంటిని చూసి భయపడుతోంది.

ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి మణిదీప్ చెంబు ఎత్తి పోసుకుంటున్నాడు. తల వెనక్కి, నోరు బార్లా, గొంతులో నీళ్లు గుటకలు పడుతున్నాయి.

“ఒరేయ్! దించు!”

వాడు చివరి చుక్క దాకా తాగి దించాడు. “నాకొద్దు మా ఆ గ్లాసు.”

“దవడ కోస్తారు రా!”

“కోయనీ. కోస్తే ఒక్కసారే నొప్పి. ఆ గ్లాసు దినామూ.”

వాడు ఏడవలేదు. క్లిప్పుల వెనక నుంచి, కంచె అడ్డం పడి కాస్త నత్తినత్తిగా, ఆ మాట మామూలుగా అన్నాడు. అందుకే లావణ్య దాన్ని నమ్మింది. రబ్బరు గొంతులో పడుతుందనీ, తీగ చెంపలో గుచ్చుకుంటుందనీ, సూది ఎక్కువవుతుందనీ అన్నీ ఊహించింది. వాడే వద్దంటాడని మాత్రం ఊహించలేదు. వాడు వద్దంటే ఇక ఏ డాక్టరూ ఏమీ చేయలేదు.

మరునాడు పొద్దున అంగడి ముందు లారీ ఆగి ఉంది. ఎర్రిస్వామి, యేసన్న మూటలు దించుతున్నారు. బయమ్మ తవుడు తూయించుకుంటోంది. ఇంకో ఇద్దరు బేరం ఆడుతున్నారు. నాగరత్నమ్మ ఇంటి గడపలో కూర్చుని శనగలు ఏరుతోంది. లావణ్య గట్టుమీద గ్లాసు తీసుకుని, కడిగి, నిండా నీళ్లు పోసుకుని అంగడి మధ్యకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ కౌంటరు దాటి రాని మనిషి రావడంతో తక్కెడ ఆగింది.

“ఇది నా కొడుకు ఎంగిలి గ్లాసు” అంది. “వానికి ఏ రోగమూ లేదు. చూడండి, నేను తాగుతాండా.”

అని గ్లాసు ఎత్తింది. అలవాటున తల వెనక్కి పోయింది, చేయి పైకి లేచింది, నీళ్లు నోట్లోకి ధారగా పోతుంటే గుర్తొచ్చి ఆపబోయింది. వంపుకున్న నీళ్లలో సగం ముక్కులోకి, సగం జాకెట్టు మీదికి పోయాయి, గ్లాసులో ఇంకా సగం మిగిలాయి.

“అది తాగడమా? అభిషేకం!” అంది బయమ్మ.

మణిదీప్ బడిసంచి భుజాన వేసుకుని బయటికి వచ్చినవాడు అది చూసి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా దగ్గరికి వచ్చాడు.

“ఎత్తొద్దు మా. ఆనించు. పెదవులు ఆనించు.”

లావణ్య గ్లాసు నోటికి తెచ్చింది. “ఆనించినా కదరా.”

“పళ్లకు తగిలిచ్చినావు. కొంచెం తీసుకో. ఇంగ నోరు మూయి. పళ్లు కలుపు. మింగు.”

మింగింది. పొలమారింది. దగ్గింది. మళ్లీ మింగింది. నలభై ఏళ్ల దగ్గరికొచ్చిన మనిషి నీళ్లు తాగడం నేర్చుకుంటుంటే బేరగాళ్లు బేరం మర్చిపోయి చూశారు. ముఖేష్ తలదించుకుని తూకంరాళ్లు సర్దాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి లావణ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గు వల్లే అనుకుందాం.

“చూసినారా? రోగమైతే తాగుతానా?”

బయమ్మ ఒప్పుకోలేదు. “తల్లివి తాగుతావులేమ్మా. కొడుక్కు కుష్టు వచ్చినా తల్లి తాగుతాది. అదొక రుజువా?” అని గడపకేసి తిరిగింది. “ఆ పెద్దమ్మ ఒప్పుకుంటే నమ్ముతాం. ఊరందరికీ తెలుసు ఆమె సంగతి.”

అందరూ నాగరత్నమ్మకేసి చూశారు. ఆమె శనగలు ఏరడం ఆపింది. కోడలి తడిసిన జాకెట్టు చూసింది, మనవడి ఎర్రటి చెవులు చూసింది, ఎవరూ కొనని బెల్లం పైదిమ్మె చూసింది. ఏది ఎక్కువ బాధ పెట్టిందో ఆమెకే తెలియాలి. మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి చేయి చాపింది.

“ఇట్లియ్యి.”

తాగుతుందనుకున్నారు. ఆమె తాగలేదు. గ్లాసును రెండు వేళ్లతో, ఎలకను తోక పట్టుకున్నట్టు పట్టుకుని, అందరి ముందు గడప దాటి, వంటింట్లోకి పోయి, తన మడి గిన్నెల వరసలో టక్కుమని చప్పుడయ్యేట్టు బోర్లించింది. ఆ చప్పుడు అంగడి దాకా వినపడింది.

“వంటింట్లోకే తీసుకపోయినాది” అంది బయమ్మ. “ఐతే రోగం కాదులే. శెట్టీ, బెల్లం ఒక కేజీ కొట్టు. పైదే కొట్టు.”

మధ్యాహ్నం ఎర్రిస్వామి మేకు మీది సంచి దించి, రెండు గ్లాసులూ తెచ్చి గట్టుమీద పాతచోటే బోర్లించుకున్నాడు. “అనవసరంగా బయపడితిమి” అని నవ్వాడు. లావణ్య కూడా నవ్వింది. తర్వాత వాళ్లకు టీ తెచ్చి, ఎప్పటిలాగే పైనుంచి పోసింది. వాళ్లు తాగి, గ్లాసులు కడిగి, మళ్లీ బోర్లించారు.

మణిదీప్ గ్లాసుతో తాగడం మళ్లీ మొదలుపెట్టాడు. లావణ్య కూడా వాడి ఎదురుగా కూర్చుని గ్లాసుతోనే తాగింది. మొదట్లో పాఠం కోసం, తర్వాత అలవాటై. ముఖేష్ గోడౌనులో ఎవరూ లేనప్పుడు ఆనించి చూశాడని తర్వాత తెలిసింది. నాగరత్నమ్మ ఆ గ్లాసు పక్క గిన్నెలను కొంచెం ఎడంగా జరుపుకుంది గానీ బయటికి మాత్రం పంపలేదు.

ఎండలు ముదిరాక మళ్లీ అనంతపురం పోయారు. లావణ్య ఆపరేషన్‌కు మనసు గట్టి చేసుకునే బస్సెక్కింది. దవడ కోస్తే ఎన్నాళ్లు గంజి తాగించాలో, ఏ గుళ్లో ఏ మొక్కు మొక్కాలో అన్నీ సిద్ధం చేసుకుంది. డాక్టర్ ఇంద్రాణి స్కేలు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది.

“సందు చానా మటుకు పూడినాదమ్మా! నాలుక వెనక్కి పోయినాది. దవడ పక్కకు జరిగింది కూడా రబ్బర్లతో కొంత సర్దుకుంటాండాది. ఇట్లే పోతే కత్తితో పనుండదు.”

మంచిమాట వినడానికి లావణ్య ఏమీ సిద్ధం చేసుకోలేదు. ఏం చేయాలో తెలియక అనుమానంగా చూసింది. “నిజంగానా మేడమ్? గ్యారంటీనా?”

“గ్యారంటీ ఎట్లిస్తానమ్మా? పిల్లోడు ఇంకా పెరుగుతాడు, ఎముక కూడా పెరుగుతాది. జాగ్రత్తగా ఉండాల.”

అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. గ్యారంటీ అని ఉంటే నమ్మేది కాదు. జాగ్రత్త అన్నారు, అది ఆమెకు చేతనైన పని.

బస్‌స్టాండులో మణిదీప్ ఆకలన్నాడు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టించుకున్నారు. మిరపకాయ బజ్జీ అంటే వాడికి ప్రాణం గానీ, ఎప్పుడు తిన్నా మొదటి కొరుకుకే పిండి వాడి నోట్లోకి, మిరపకాయ మొత్తం జారి చొక్కా మీదికి. పళ్ల సందులో అది తెగేది కాదు. రాయదుర్గం బస్సు ముందు నిలబడి వాడు ముందు పళ్లతో కొరికాడు.

“ఒరేయ్, క్లిప్పులు! పక్కన పెట్టి తినరా! తీగ తెగితే మళ్లీ మొదటికొస్తాది!” అని లావణ్య చేతిలోది లాక్కుంది.

లాక్కున్నదాన్ని చూసింది. మిరపకాయ లోపల ఉన్నది లోపలే ఉంది. అడ్డంగా, నున్నగా తెగి ఉంది. తెగిన అంచు మీద చిన్న చిన్న పళ్ల గుర్తులు వరసగా కనపడుతున్నాయి.

“మా, ఇయ్యి” అన్నాడు మణిదీప్, కారానికి నాలుక లోపలే తిప్పుకుంటూ.

“కారం ఎక్కువుండాది. నీకు కడుపునొప్పి వస్తాది.”

“మా!”

కండక్టర్ ఈల వేశాడు. మిగిలిన బజ్జీని లావణ్య గబుక్కున తన నోట్లో పెట్టుకుని, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో కొడుకు రెక్క పట్టుకుని, కిటికీ పక్క సీటు వద్దు, చేయి బయట పెడతావు అని సణుగుతూ బస్సెక్కింది.